గింజలు తప్ప ఇంకేదీ ముట్టని సన్ కన్యూర్‌ని పెలెట్స్‌కి మార్చడం ఎలా?

బెజవాడ_కన్యూర్
మా సన్ కన్యూర్ (పసుపు, నారింజ రంగుల విదేశీ చిలక) పేరు బంగారి. తెచ్చినప్పటి నుంచీ షాపులో అమ్మే మిక్స్‌డ్ సీడ్సే దాని తిండి. గిన్నె నింపగానే కొర్రలు, సజ్జలు అన్నీ ముక్కుతో కిందకి ఊడ్చేసి పొద్దుతిరుగుడు గింజలు మాత్రం ఏరుకుని తింటుంది. ఈమధ్య ముక్కు బాగా పొడుగ్గా పెరుగుతోందని డాక్టర్‌కి చూపిస్తే ఒళ్లంతా కొవ్వు పట్టింది, లివర్ మీద కూడా పడి ఉండొచ్చు, మెల్లగా గింజలు మాన్పించి పెలెట్స్ (ధాన్యాలు, విటమిన్లు కలిపి చేసే చిన్న ఉండల తిండి) అలవాటు చేయండి అన్నారు. సరేనని కిలో వెయ్యి రూపాయల పైన పెట్టి కొన్నాను. ఒకటి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నీళ్ల గిన్నెలో పడేసింది. అంతే, ఆ తర్వాత ఆ గిన్నె వైపే చూడట్లేదు. పైగా పొద్దున్నుంచీ ఒకటే అరుపు, కింద ఫ్లోర్ వాళ్లు కూడా అడిగారు ఏమైందని. మా అత్తగారేమో "చిలక్కి గింజలు పెట్టక మాత్రలు పెడతారా ఎవరైనా" అంటున్నారు. నిజంగా మార్చినవాళ్లు ఉంటే చెప్పండి, నెట్‌లో ఉన్నవన్నీ ఎలాగూ చదివేశాను.

కోనసీమ_కుర్రోడు
ఆకలి రుచెరుగదు అన్నారు. గింజల గిన్నె తీసేసి పెలెట్స్ ఒక్కటే పెట్టండి, రెండో రోజుకి దారికొస్తుంది. మా కుక్క పెరుగన్నం నుంచి డాగ్ ఫుడ్‌కి ఇలాగే మారింది.

లక్ష్మీ_గ్రే
కోనసీమ తమ్ముడూ, ఆ పని మాత్రం చెయ్యమని ఎవరికీ చెప్పకు. కుక్క వాసన చూసి అది తిండో కాదో తేల్చుకుంటుంది. పుట్టినప్పటి నుంచీ గింజలు ఒలుచుకుని తిన్న చిలక్కి పెలెట్ అనేది తిండి అనే తెలీదు, దాని లెక్కలో అదో చెక్కముక్క. ఎదురుగా గిన్నె నిండా ఉన్నా ఆకలితో అలాగే కూర్చుంటుంది. ఇక్కడ సమస్య రుచి కాదు.

వెట్_విద్యార్థి
లక్ష్మి గారు చెప్పింది కరెక్ట్. పైగా బంగారికి లివర్ అనుమానం ఉందన్నారు కాబట్టి ఇంకా ప్రమాదం. పస్తు ఉన్నప్పుడు ఒంట్లో కొవ్వంతా కరిగి లివర్ మీదకే చేరుతుంది, ఇప్పటికే కొవ్వు పట్టిన లివర్ ఆ భారాన్ని తట్టుకోలేదు. చిన్న పక్షులకి లోపల నిల్వ ఉండే శక్తి కూడా చాలా తక్కువ, ఒక్క రోజు పూర్తిగా తినకపోతేనే నీరసపడిపోతాయి.

పెలెట్స్ కంటే ముందు కొనాల్సింది ఒక గ్రాము తేడా కూడా చూపించే వంటింటి డిజిటల్ త్రాసు. రోజూ పొద్దున్నే మొదటి రెట్ట వేశాక, తిండి పెట్టకముందు తూచి రాసుకోండి. సన్ కన్యూర్ మామూలుగా 100 నుంచి 120 గ్రాముల మధ్య ఉంటుంది, మీది కొవ్వు పట్టిందంటున్నారు కాబట్టి అంతకంటే ఎక్కువ చూపించొచ్చు. మొదలుపెట్టిన రోజు బరువులో నూటికి పది వంతులు తగ్గితే మార్చడం ఆపేసి పాత తిండి పెట్టి డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి. అంటే 120 ఉన్న పక్షి 108కి వస్తే ఆగిపోవాలి. మనకి 12 గ్రాములంటే లెక్కే కాదు, దానికి అది చాలా పెద్ద మాట.

పిట్టలదొర
గుంతపొంగణాల పిండికి తూకం వెయ్యని ఇంట్లో చిలకని తూకం వెయ్యాలా 😂 సర్లే, మంచి మాటే. త్రాసు మీద నిలబడమంటే నిలబడుతుందా అసలు? మా కాకటీల్ అయితే త్రాసు మీద బటన్లు పీకుతుంది.

లక్ష్మీ_గ్రే
త్రాసు మీద ఒక స్టీలు డబ్బా పెట్టి దాన్లో దించండి, ముందు డబ్బా బరువు సున్నా చేసుకుని. లేదంటే దాని కర్రే త్రాసు మీద అతికించండి. మా ఆఫ్రికన్ గ్రే చిలక ఇప్పుడు త్రాసు కనపడితే తనే ఎక్కి కూర్చుంటుంది, దిగాక ఒక పల్లీ దొరుకుతుంది కాబట్టి. ఆ ఒక్క పల్లీయే దానికి రోజు మొత్తంలో, అది కూడా వేయించి, పైపొట్టు తీసి, మచ్చ లేనిది చూసి. బూజు పట్టిన పల్లీల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, అది నేరుగా లివర్‌నే కొడుతుంది.

రామచిలుక_నాని
ఇంత గొడవ ఎందుకో అర్థం కాదు. అడవిలో చిలకలు గింజలే కదా తినేది? మా తాతగారి ఇంట్లో రామచిలుక జామకాయ, వరి గింజలు, మిగిలిన అన్నం తిని ఇరవై ఏళ్లు బతికింది. దానికి పెలెట్స్ ఎవరు పెట్టారు?

వెట్_విద్యార్థి
నాని గారు, అడవిలో చిలక రోజంతా ఎగిరి, పళ్లు, మొగ్గలు, పూలు, చిగుళ్లు, పచ్చి గింజలు, చెట్టు బెరడు అన్నీ కొరుకుతుంది. మనం పెట్టేది ఎండు గింజలు, అదీ పంజరంలో కూర్చోబెట్టి. పొద్దుతిరుగుడు పప్పులో దాదాపు సగం నూనే. అదే కొర్రల్లో నాలుగైదు శాతం మించదు. ఈ గింజలు దేన్లోనూ విటమిన్ ఏ దాదాపు ఉండదు, కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ. విటమిన్ ఏ తగ్గితే నోట్లో, ముక్కు రంధ్రాల్లో, గొంతులో పొర గట్టిపడి ఊరికే ఇన్‌ఫెక్షన్లు వస్తాయి, కళ్ల చుట్టూ వాస్తాయి. ఆఫ్రికన్ గ్రేలకైతే కాల్షియం తగ్గి ఫిట్స్ వస్తాయి. ఆడపక్షులకి గుడ్డు లోపలే ఇరుక్కుపోవడం కూడా చాలాసార్లు దీనివల్లే. తాతగారి చిలకకి జామకాయ దొరికింది చూశారా, అది కూడా దొరకనివే మన దగ్గరకి వచ్చేవి.

లక్ష్మీ_గ్రే
నాని, ఇంకో మాట. తాతగారి కాలం అయిపోయింది కాబట్టి సరే, ఇప్పుడు రామచిలుకని పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చిలక జోస్యం వాళ్లకి కూడా. ఇక్కడ మనం మాట్లాడేది విదేశీ పక్షుల గురించి. వాటిలో కూడా కన్యూర్, గ్రే లాంటివి ఉంటే 2024లో వచ్చిన రూల్స్ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

కోనసీమ_కుర్రోడు
జోస్యం చిలకకి కార్డు తీసినందుకు ఒక వడ్ల గింజ ఇచ్చేవాళ్లు గుర్తుందా. లో ఫ్యాట్ డైట్ అంటే అదీ. కార్డుకో గింజ, పోర్షన్ కంట్రోల్ మనోళ్ల దగ్గర నేర్చుకోవాలి.

ఓరుగల్లు_బడ్జీలు
😂😂 కానీ కరెక్టే చెప్పిండు.

నా దగ్గర బడ్జీలున్నయి, వాటికి మార్చుడు కన్యూర్ కన్నా కష్టం. నేను చేసింది చెప్తా. గిన్నెల పెట్టకుండా కింద ఒక అద్దం పడుకోబెట్టి దాని మీద పెలెట్ పొడి, కొన్ని కొర్రలు కలిపి చల్లిన. బడ్జీ అద్దంల ఇంకో పక్షి తింటున్నదనుకొని పోటీ పడి తిన్నది. మొదట్ల కొర్రలే ఏరుకున్నది కానీ పొడి నోటికి తగులుతది కదా, కొన్నాళ్లకి పొడి కూడా తినుడు షురూ చేసింది. ఒకటి తింటే మిగతావి చూసి నేర్చుకున్నయి.

బెజవాడ_కన్యూర్
అద్దం ఐడియా బాగుంది కానీ బంగారికి అద్దం ఇస్తే దాంతో ప్రేమలో పడిపోతుంది, ఇంక అన్నం నీళ్లు అక్కర్లేదు.

త్రాసు ఆర్డర్ పెట్టాను. డాక్టర్ కూడా బరువు చూడమన్నారు కానీ ఎంత తగ్గితే ఆపాలో చెప్పలేదు, థాంక్స్. గింజలు ఎంత తగ్గించాలి, ఎలా తగ్గించాలి అనేది ఇంకా అర్థం కాలేదు. కొంతమంది రోజూ కొంచెం కొంచెం కలపమంటున్నారు. అలా కలిపితే బంగారి పెలెట్స్ ఏరి బయట పడేసి గింజలు తింటుంది, పొద్దుతిరుగుడు గింజలతో చేసినట్టే.

డల్లాస్_మూర్తి
కలపడం కన్యూర్ లాంటి తెలివైన వాటి దగ్గర పనిచేయదు, అది ఏరడంలో మనకంటే ఫాస్ట్. నేను చేసింది టైమ్ వేరు చేయడం. చిలకలకి పొద్దున్న లేవగానే, సాయంత్రం చీకటి పడేముందు బాగా ఆకలి. రాత్రి గిన్నెలు తీసేసి పొద్దున్నే పెలెట్స్, కూరగాయలు మాత్రం పెట్టాలి. గంట, గంటన్నర తర్వాత కొలిచిన గింజలు ఒక పావుగంట, ఇరవై నిమిషాలు. మధ్యాహ్నం మళ్లీ పెలెట్స్ మాత్రమే ఉంచి సాయంత్రం ఇంకోసారి గింజలు. కడుపు నిండుతుంది కాబట్టి పస్తు లేదు, మధ్యలో బోర్ కొట్టినప్పుడు ఎదురుగా ఉండేవి పెలెట్సే. బరువు నిలకడగా ఉంటే వారానికోసారి ఆ గింజల కొలత కొద్దిగా తగ్గించుకుంటూ పోవాలి. పది రోజుల్లో అయిపోతుంది అనుకోకండి, కొన్నిటికి నెలలు పడుతుంది. మా దాంట్లో వేసవి మొత్తం గడిచిపోయింది.

ఇంకోటి, దాని ముందు కూర్చుని మీరు తినండి. నిజంగా. పెలెట్ చేతిలో పట్టుకుని కరకరలాడించినట్టు నటించి, దానికి ఇవ్వనట్టు ముఖం తిప్పుకోండి. మనం తినేదాని మీద వాటికి ఉండే ఆశ మామూలుది కాదు.

పిట్టలదొర
నటించడం ఎందుకు, నేను ఒకటి నిజంగానే తిన్నా. ఉప్పు లేని బిస్కెట్టు. టీలో ముంచుకుంటే పర్లేదు.

డల్లాస్_మూర్తి
దొరా, మీరు తాగండి కానీ దానికి మాత్రం ఆ టీ పెట్టకండి. కెఫీన్ పక్షులకి విషం, చాక్లెట్, అవకాడో కూడా.

వైజాగ్_శారద
మూర్తి గారు చెప్పిన టైమ్ పద్ధతితో పాటు నేను వాడిన చిట్కా. పెలెట్స్ మిక్సీలో పొడి చేసి, ఉడికించి మెదిపిన గుమ్మడికాయ లేదా చిలగడదుంప మీద చల్లేదాన్ని. మొదట చిటికెడు. తర్వాత పొడి కాస్త బరకగా, ఆ తర్వాత పెలెట్ ముక్కలు, చివరికి మొత్తం పెలెట్. మొక్కజొన్న కంకి మీద అద్దితే ఇంకా తేలిక, గింజ గింజకీ పొడి అంటుకుంటుంది. గుమ్మడి, చిలగడదుంప, క్యారెట్, మునగాకు, వీటన్నిటిలో విటమిన్ ఏకి కావాల్సింది ఉంటుంది కాబట్టి పెలెట్ తినకపోయినా ఆ పూట వృథా కాదు.

మన ఎండల్లో ఒక్కటే జాగ్రత్త, తడి తిండి గంట, రెండు గంటలు మించి గిన్నెలో ఉంచకూడదు. పులిసిపోతుంది. మొలకలు కూడా అంతే, బాగా కడిగి, వాసన వస్తే పారేయాల్సిందే.

ఓరుగల్లు_బడ్జీలు
పచ్చిమిర్చి కూడా పెట్టి చూడుండ్రి. కన్యూర్‌లకి ప్రాణం.

బెజవాడ_కన్యూర్
పచ్చిమిర్చా? మంట పుట్టదా?

వెట్_విద్యార్థి
పుట్టదు. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్‌ని మన నరాలు గుర్తించినట్టు పక్షుల నరాలు గుర్తించవు. అందుకే పక్షులు మిరప పళ్లు తిని విత్తనాలు దూరంగా చేరవేస్తాయి. గుంటూరు మిర్చి అయినా దానికి క్యాప్సికమే. కాకపోతే మార్కెట్ మిర్చి మీద మందులు కొడతారు, బాగా కడిగి ఇవ్వండి. అది తిన్న ముక్కుతో మీ కంటి దగ్గరకి రాకుండా చూసుకోవాల్సింది మీరే.

కోనసీమ_కుర్రోడు
ఒక డౌట్. మా ఊళ్లో లేయర్ కోళ్ల దాణా కిలో పెలెట్స్ రేటులో పదో వంతు కూడా ఉండదు. అది కూడా చిన్న చిన్న ఉండలే కదా, దాన్లో కూడా విటమిన్లు, మినరల్స్ అన్నీ కలుపుతారు. దాన్నే పెడితే?

వెట్_విద్యార్థి
మంచి ప్రశ్నే, చాలామంది చేస్తున్నారు కూడా. వద్దు. లేయర్ దాణాలో కాల్షియం మూడున్నర, నాలుగు శాతం దాకా ఉంటుంది, రోజూ గుడ్డు పెట్టే కోడికి పెంకు కోసం. చిలక్కి ఒక శాతం లోపు చాలు. అంత కాల్షియం నెలల తరబడి లోపలికి పోతే కిడ్నీలు పాడవుతాయి. కొన్ని దాణాల్లో కాక్సిడియోసిస్ (కోళ్లకి వచ్చే పేగుల జబ్బు) మందులు కూడా కలుపుతారు.

అలాగే పెలెట్స్ మొదలయ్యాక నీళ్లలో విటమిన్ చుక్కలు కలపడం ఆపేయండి. పెలెట్‌లో విటమిన్ ఏ, డి ముందే ఉంటాయి, రెండూ కలిస్తే ఎక్కువైపోతాయి. విటమిన్ డి ఎక్కువైతే కూడా దెబ్బ కిడ్నీల మీదే.

వైజాగ్_శారద
అయితే సముద్రపు నురుగు (కాల్షియం కోసం పెట్టే కటిల్‌ఫిష్ ఎముక) కూడా తీసేయాలా? బీచ్‌లో ఏరి, రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి, ఎండబెట్టి పంజరానికి కట్టాను.

లక్ష్మీ_గ్రే
ఉండనివ్వండి శారద గారు, అది కావాలంటేనే కొరుకుతుంది. బలవంతంగా లోపలికి పోయేది కాదు కదా. ఇసుక, గ్రిట్ మాత్రం అక్కర్లేదు, పొట్టు ఒలిచి తినే పక్షికి రాళ్లతో పనిలేదు.

బెజవాడ_కన్యూర్
కొన్ని వారాలైంది, అందుకే రాస్తున్నా. మూర్తి గారి టైమ్ పద్ధతి, శారద గారి మొక్కజొన్న రెండూ కలిపి చేశాను. మొదట్లో కొంచెం బరువు తగ్గింది, విద్యార్థి గారు చెప్పిన హద్దు దాకా రాలేదు, తర్వాత నిలబడింది. కంకి మీద పొడి తింటోంది. మొన్న అందరం భోంచేస్తుంటే మా అత్తగారి కంచంలో పెలెట్ పెడితే అక్కడి నుంచి దొంగిలించి మరీ తిన్నది, గిన్నెలో అదే పెలెట్ పెడితే తినదు! ఇప్పుడు అత్తగారే "నా కంచంలో పెట్టు" అంటున్నారు.

కానీ నిన్న భయం వేసింది. రెట్ట ఎర్రగా వచ్చింది. రక్తమా?

డల్లాస్_మూర్తి
మీరు కొన్నది రంగురంగుల పెలెట్సా?

బెజవాడ_కన్యూర్
అవును, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, పళ్ల ఫ్లేవర్. జుప్రీమ్ ఫ్రూట్‌బ్లెండ్.

డల్లాస్_మూర్తి
అయితే ముందు అనుమానం ఆ రంగే. ఎర్రవి ఏరి పక్కన పెట్టి ఒక రోజు చూడండి.

వెట్_విద్యార్థి
అవును, అలా చూడండి. ఎర్రవి తీసేశాక కూడా ఎరుపు వస్తే మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరకి. పెలెట్స్ తినే పక్షి రెట్ట మామూలుగా గోధుమ రంగులో ఉంటుంది, కొంచెం పెద్దగా, తడిగా కూడా. తెల్ల భాగం తెల్లగానే ఉండాలి, అది పసుపుగానో ఆకుపచ్చగానో మారితే లివర్ గురించి ఆలోచించాలి. ముదురు ఆకుపచ్చగా, చిన్న చిన్నగా, అంటే లోపల తిండే లేనట్టుగా వస్తే అది తింటున్నట్టు నటిస్తోందని అర్థం. పెలెట్‌ని నలిపి పొడి చేసి కింద పోస్తాయి, గిన్నె ఖాళీ అయ్యింది కదా అని మనం సంతోషిస్తాం. అందుకే గిన్నెని నమ్మొద్దు, రెట్టని, త్రాసుని నమ్మండి.

పిట్టలదొర
అన్నం తినేటప్పుడు ఈ పోస్టు చదవాల్సి వచ్చింది నాకు.

లక్ష్మీ_గ్రే
రంగు లేనివి నయం అని నా అభిప్రాయం. పళ్ల రుచివాటిలో తీపి ఉంటుంది, గింజల పిచ్చి పోయి తీపి పిచ్చి పట్టకుండా చూసుకోవాలి. జుప్రీమ్‌లోనే నాచురల్ దొరుకుతుంది, హారిసన్స్, రౌడీబుష్‌ల్లో అయితే రంగుల బాధే లేదు, కాకపోతే రేటు.

డల్లాస్_మూర్తి
ఇక్కడ నేను ఒప్పుకోను లక్ష్మి గారు. మొదలుపెట్టేటప్పుడు రంగున్నవే తేలిగ్గా తింటాయి, చూపుతో తిండి వెతుక్కునే పక్షులు కదా. ముందు పెలెట్ అనేది తిండి అని తెలియనివ్వండి. అలవాటయ్యాక రంగు లేనివాటికి మారడం గింజల నుంచి మారినంత కష్టం కాదు. బంగారి ఇప్పుడిప్పుడే కంచంలో దొంగతనం మొదలుపెట్టింది, మళ్లీ కొత్త రకం పెట్టి చెడగొట్టొద్దు.

లక్ష్మీ_గ్రే
అదీ నిజమే, బంగారి విషయంలో. కానీ చాలామంది అక్కడే ఆగిపోతారు, అదే నా బాధ.

రామచిలుక_నాని
మొత్తం పెలెట్సే పెట్టాలా జీవితాంతం? బోర్ కొట్టదా పాపం.

వెట్_విద్యార్థి
మొత్తం అక్కర్లేదు. రోజు తిండిలో సగానికి పైన పెలెట్స్, మిగతాది ఎక్కువగా ఆకుకూరలు, కూరగాయలు, కొంచెం పళ్లు, గింజలు మాత్రం ఏదైనా నేర్పినప్పుడు బహుమతిగా. ఎంత శాతం అనేది డాక్టర్‌కో మాట ఉంటుంది, పక్షి జాతిని బట్టి కూడా మారుతుంది. ఎక్లెక్టస్‌లకి, లోరీలకి ఈ లెక్క పనికిరాదు, వాటి తిండి వేరు.

ఓరుగల్లు_బడ్జీలు
గింజలని కాగితంల చుట్టి, డబ్బాల దాచి పెట్టుండ్రి. వెతుక్కొని చింపుకొని తింటే దానికి టైంపాస్, మీకు అరుపులు తగ్గుతయి.

బెజవాడ_కన్యూర్
ఎర్రవి తీసేశాక రెట్ట గోధుమ రంగులోకి వచ్చింది 🙏 డాక్టర్‌కి ఫొటో పంపితే ఫర్వాలేదు, ఇంకొన్నాళ్ల తర్వాత రక్తపరీక్షకి తీసుకురండి అన్నారు.

ఒకటే ఇబ్బంది, చిన్న ప్యాకెట్ అయితే రేటు ఎక్కువ, పెద్ద బ్యాగ్ కొంటే విప్పాక ఈ ఉక్కపోతలో ఎన్నాళ్లు ఉంటుందో. ఎలా దాస్తున్నారు మీరంతా?

వైజాగ్_శారద
మా ఇంట్లో గాలి చొరని డబ్బాల్లో చిన్న చిన్న భాగాలుగా పెట్టి ఫ్రిజ్‌లో. వాడే డబ్బా ఒక్కటే బయట, అదీ వారానికి సరిపడా. బయటికి తీశాక చెమ్మ ఆరేదాకా మూత తియ్యకండి, లేదంటే బూజు. ఎక్స్‌పైరీ తేదీ చూసి కొనండి, ఆఫర్‌లో వచ్చేవాటికి చాలావరకు తేదీ దగ్గర పడే ఉంటుంది.

పిట్టలదొర
విజయవాడ, గుంటూరు వైపు నలుగురం కలిసి పెద్ద బ్యాగ్ తెప్పించి పంచుకుంటే? నాకు కాకటీల్ కోసం ఒక కిలో చాలు. అయితే కన్యూర్‌కి, కాకటీల్‌కి సైజు ఒకటి కాదు, చిన్న సైజు తెప్పిద్దాం, కన్యూర్ అది కూడా తింటుంది.

బెజవాడ_కన్యూర్
నాకు రెండు కిలోలు రాసుకోండి దొర గారు. రంగువే కావాలి ప్రస్తుతానికి, లక్ష్మి గారు కోప్పడకపోతే.

లక్ష్మీ_గ్రే
కోప్పడను, కానీ ఎర్రవి ఏరే డ్యూటీ మీ అత్తగారికి ఇవ్వండి 😄